కొర్రమీనుకు ఈ 7 అడుగుల రాడ్ సరైనదే

కొర్రమీను కోసం రాడ్ కొనేవాళ్లు పొడవు కన్నా ముందు బిగువు చూడాలి. సికింద్రాబాద్‌లో గాలాలు అమ్మే కొట్టులో నేను తీసుకున్నది 7 అడుగుల కార్బన్ రాడ్, మీడియం హెవీ (కాస్త ఎక్కువ బిగువు), ఫాస్ట్ యాక్షన్. కొస మాత్రమే వంగుతుంది, కింది భాగం గట్టిగా నిలబడుతుంది. మన చెరువులకు ఇదే కావాలి. గాలి పీల్చడానికి పైకొచ్చే కొర్రమీను గుర్రపుడెక్క సందులో ఎరగా వేసిన రబ్బరు కప్పను లాక్కుని వెంటనే లోపలికి దూరుతుంది. రాడ్ మెత్తగా ఉంటే ఆ గట్టి నోట్లోకి గాలం దిగదు. దిగినా చేప మొక్కల వేళ్లలో చుట్టుకుంటుంది.

సంగారెడ్డి వైపు మా మేనమామ ఊరి చెరువులో, మత్స్యకారుల సంఘం వాళ్లను అడిగి వేశాం. 40 పౌండ్ల లాగుడు తట్టుకునే అల్లిక లైన్‌తో (పోగులు అల్లిన గాలం దారం) చేపను డెక్కతో సహా లాగినా రాడ్ చెక్కుచెదరలేదు. ఫోమ్ పిడి తడి చేతికి జారదు. నచ్చనిది రాడ్ ముక్కలు కలిసే అతుకు ఒక్కటే: విసరగా విసరగా కాస్త తిరిగి, లైన్ దూరే రింగుల వరుస తప్పుతుంది, మధ్యలో బిగించుకోవాలి.

బొచ్చె, శీలావతి కోసమైతే ఇది వద్దు. పిండి ఎరకు పొడవుగా, మెత్తగా వంగేదే మేలు.

ఇంకో మాట. నీటిపైన ఎర్రటి పిల్లల గుంపు కనిపిస్తే అక్కడ దయచేసి వేయకండి. కింద పెద్దవి కాపలా కాస్తుంటాయి, వాటిని పట్టేస్తే పిల్లలన్నీ వేరే చేపల పాలే.

కొనేటప్పుడు ప్రతి రింగులోంచీ దూది లాగి చూడండి. పోగు చిక్కుకుంటే ఆ రింగు లైన్‌ను కోసేస్తుంది, వేరే రాడ్ అడగండి.