టైరు గాలి రీసెట్ బటన్: లైటు ఆర్పడానికి కాదు

మా పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్‌లో స్టీరింగ్ కింద, కుడి మోకాలికి దగ్గర్లో ఒక చిన్న బటన్ ఉంటుంది. దాని మీద గుర్రపు నాడా బొమ్మ, మధ్యలో ఆశ్చర్యార్థకం. కారు అప్పగించేటప్పుడు సన్‌రూఫ్ గురించి పావుగంట చెప్పిన సేల్స్ అబ్బాయి, దీని దగ్గరికొచ్చేసరికి "లైటు వస్తే నొక్కండి సార్, పోతుంది" అని ఒక్క ముక్కతో సరిపెట్టాడు. లైటు పోయే మాట నిజమే. కానీ అందుకోసం నొక్కితే మాత్రం ఆ బటన్ వల్ల మేలు కంటే కీడే ఎక్కువ. ఈ కారు కొని చాలా ఏళ్లయింది, ఇప్పటికీ దీని గురించి అడిగేవాళ్లు కనిపిస్తూనే ఉంటారు.

మా కారు టైర్లలో గాలిని కొలిచే సెన్సర్లేవీ లేవు. ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) కోసం ప్రతి చక్రం దగ్గరా ఉండే స్పీడ్ సెన్సర్లతోనే పని కానిచ్చేస్తుంది. గాలి తగ్గిన టైరు కాస్త అణిగి, అదే దూరానికి మిగతా మూడింటికంటే కొంచెం ఎక్కువసార్లు తిరుగుతుంది. ఆ తేడా హద్దు దాటితే డ్యాష్‌బోర్డ్ మీద పసుపు లైటు. మరి మామూలుగా ఎంత ఉండాలో కారుకి ఎలా తెలుస్తుంది? మనమే చెప్పాలి. రీసెట్ నొక్కామంటే "ఇప్పుడు టైర్లలో ఉన్న గాలే సరైనది, ఇదే గుర్తుపెట్టుకో" అని చెప్పినట్టు. ఒక టైరులో గాలి తక్కువగా ఉన్నప్పుడు నొక్కితే ఆ తక్కువనే సరైన లెక్క అనుకుంటుంది. ఇక అది మరింత తగ్గేదాకా నోరు మెదపదు.

ఓసారి విజయవాడ వెళ్తుంటే కొర్లపహాడ్ టోల్ దాటాక లైటు వెలిగింది. స్టీరింగ్ ఎటూ లాగడం లేదు, దిగి చుట్టూ చూస్తే నాలుగు టైర్లూ ఒకేలా ఉన్నాయి. రేడియల్ టైర్లు మామూలుగానే కింద కాస్త ఉబ్బినట్టు ఉంటాయి కాబట్టి కంటికి తేడా దొరకదు. సూర్యాపేట ముందు ఒక పంక్చర్ షాపు దగ్గర ఆపితే అక్కడి కుర్రాడు లోపలికి తొంగిచూసి, "ఏం లేదన్నా, బటన్ నొక్కు, లైటు పోతది" అన్నాడు. ముందు గేజీ పెట్టు తమ్ముడూ అన్నాను. మూడింట్లో 36 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) అటూఇటూగా ఉంది, ఎడమ వెనక దాంట్లో 26. సబ్బునీళ్లు పోస్తే ట్రెడ్ గాడిలోంచి సన్నగా బుడగలు, దాని కింద అరిగిపోయిన చిన్న మేకు. ట్యూబ్‌లెస్ కాబట్టి స్ట్రిప్ దూర్చి, గాలి కొట్టి పంపేశాడు. లైటు చూసి బటన్ నొక్కేసి ఉంటే ఆ మేకుతోనే హైవే మీద వెళ్లేవాళ్లం.

అక్కడ కూడా వెంటనే రీసెట్ చేయలేదు. డ్రైవర్ డోర్ పక్కన అతికించిన స్టిక్కర్ మీది అంకెలు చల్లటి టైర్లకి. హైవే మీద నడిచిన టైరు వేడెక్కి మూడు నాలుగు పీఎస్ఐ ఎక్కువ చూపిస్తుంది. ఆ వేడిలో అంకెలు సరిచేసి నొక్కితే పునాది లెక్కే తప్పవుతుంది. అందుకే రాత్రంతా ఆ పసుపు లైటును అలాగే ఉండనిచ్చి, పొద్దున్నే బండి తీయకముందు నాలుగింట్లో 33 సరిచూసి, అప్పుడు నొక్కాను. నొక్కగానే పని అయిపోదు, కొంతదూరం నడిస్తేనే కొత్త లెక్క నేర్చుకుంటుంది. టైర్లు అటూఇటూ మార్పించినా, కొత్తవి వేయించినా ఇదే వరస.

లోపం లేదా అంటే ఉంది, చిన్నది కాదు. చక్రాలను ఒకదానితో ఒకటి పోల్చి చెప్పేది కాబట్టి నాలుగింట్లోనూ సమంగా గాలి దిగితే మా కారు పసిగట్టదు. నెలల తరబడి గాలి చూపించకపోతే జరిగేది అదే. ఏ టైరో కూడా చెప్పదు. మా బావగారి కారులో టైరు లోపలే సెన్సర్లు ఉన్నాయి, స్క్రీన్ మీద ఒక్కోదాని పీఎస్ఐ విడివిడిగా కనిపిస్తుంది. డిసెంబరులో హైదరాబాద్ చలికి పొద్దున్నే లైటు వెలిగి, కాసేపు నడిచాక ఆరిపోతుంటే ఆయనకి టెన్షన్. చలికి గాలి ఒత్తిడి తగ్గుతుంది, సుమారు ఆరు డిగ్రీలకి ఒక పీఎస్ఐ. అంటే గాలి ముందే అంచున ఉందన్నమాట, రెండు పీఎస్ఐ కొట్టిస్తే సరి. అదే లైటు స్టార్ట్ చేయగానే నిమిషం పాటు మినుకుమినుకుమని తర్వాత నిలిచిపోతే మాత్రం సమస్య గాలిలో కాదు, చాలావరకు సెన్సర్‌లో. దాని బ్యాటరీ అయిపోతే మార్చడం ఉండదు, సెన్సరే కొత్తది వేయాలి. టీపీఎంఎస్ (టైరు గాలి తగ్గితే హెచ్చరించే ఈ ఏర్పాటు), పంక్చర్ కిట్ ఉంటే స్టెప్నీ లేకుండా కార్లు అమ్మొచ్చని 2020లో కేంద్రం నిబంధన తెచ్చింది. మా డిక్కీలో స్టెప్నీ ఉంది కాబట్టి సరే, లేనివాళ్లు ఈ లైటును అస్సలు తేలిగ్గా తీసుకోకూడదు.

మిగతా రీసెట్‌ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. దూరం లెక్కపెట్టే ట్రిప్ మీటర్లు రెండున్నాయి. ట్రిప్ ఏని ట్యాంకు ఫుల్ చేయించినప్పుడల్లా సున్నా చేస్తాను, ట్రిప్ బిని సర్వీస్ అయ్యాక. కారు మొత్తం తిరిగిన దూరం చూపే ఓడోమీటర్ జోలికి ఇవి పోవు. మైలేజీ స్క్రీన్ 18 అంటే మా బంకు లెక్కలో 17 దగ్గరే వస్తుంది, కాబట్టి ఫుల్ ట్యాంక్ లెక్కనే నమ్ముతాను. పాటల స్క్రీన్ బిగుసుకుపోతే పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకుంటే మళ్లీ లేస్తుంది, జత చేసిన ఫోన్లు పోవు. ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే పోతాయి. సర్వీస్ గుర్తుచేసే మెసేజ్‌ని ఎవరైనా చెరిపేయొచ్చు, ఆయిల్ మార్చారా లేదా అన్నది దానికి తెలియదు. ఒక గ్యారేజీలో మెసేజ్ మాయమైంది గానీ డిప్‌స్టిక్ (ఇంజిన్ ఆయిల్ చూసే పుల్ల) తీస్తే ఆయిల్ నల్లగానే ఉంది, బిల్లులో మాత్రం ఆయిల్ డబ్బులు వేశారు. డిప్‌స్టిక్ చూపించాక మార్చి పంపారు.

ఇంజిన్ లైటుని స్కానర్‌తో (కారుకి తగిలించి లోపాల కోడ్‌లు చదివే పరికరం) చెరిపేయడం కూడా ఇలాంటిదే. కోడ్‌తో పాటు అది వచ్చినప్పుడు ఇంజిన్ ఏ స్థితిలో ఉందో రాసుకున్న వివరాలు కూడా పోతాయి, కాబట్టి చెరిపే ముందు ఫోటో తీసుకోవాలి. సెకండ్‌హ్యాండ్ కారు చూడ్డానికి వెళ్తే చిన్న స్కానర్ ఒకటి జేబులో వేసుకెళ్లండి. కోడ్‌లేవీ లేవని చూపిస్తూనే, కారు తనకు తాను చేసుకునే లోపలి పరీక్షలు చాలావరకు ఇంకా పూర్తి కాలేదని కూడా చూపిస్తే, మీరొచ్చే ముందే ఎవరో చెరిపారేమో అని అనుమానించాలి. బ్యాటరీ తీసి పెట్టినా అలాగే కనిపిస్తుంది కాబట్టి ముందు ఆ సంగతి అడగండి. సరైన జవాబు రాకపోతే అడ్వాన్స్ ఇవ్వకండి, ఒకట్రెండు రోజులు నడిపాక మళ్లీ స్కాన్ చేద్దామనండి.