తేలు కుట్టిన దొంగల కొలువులో మూడేళ్ళు

దొంగ సొత్తు పోతే దొంగ ఏ స్టేషన్‌కి వెళ్తాడు? మా ఆట మొత్తం ఈ ఒక్క ప్రశ్న మీదే నడిచింది. తేలు కుట్టినా అరవలేని వాళ్ళే మా క్లయింట్లు. వాళ్ళ సరుకు ఎవడు కాజేశాడో, వాళ్ళ ముఠాలో ఉప్పందించేది ఎవడో కనిపెట్టి చెప్పడం మా పని. ఆట పేరు సైబర్‌పంక్ రెడ్. 2020లో వచ్చింది. తలా ఒక పాత్ర తీసుకుని టేబుల్ చుట్టూ కూర్చుని ఆడేది. అందరికీ తెలిసిన సైబర్‌పంక్ 2077 వీడియో గేమ్‌దీ ఇదే ఊరు, నైట్ సిటీ. కాకపోతే ఇక్కడ కథాకాలం 2045. పాచికలు, పేపరు, పెన్సిలు, నోరు. సరంజామా అంతే.

2022 సెప్టెంబరులో బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు మునిగింది కదా, అప్పుడు మారతహళ్ళిలో మా ఫ్లాట్‌లో ఐదుగురం తెలుగువాళ్ళం ఇరుక్కుపోయాం. కరెంటు లేదు, ఆఫీసు లేదు. పవర్‌బ్యాంకు మీద బతుకుతున్న ట్యాబ్‌లో నెల్లూరు బావ (ఎవరికీ బావ కాదు, అందరం అలా పిలుస్తాం) ఈ రూల్ బుక్ తెరిచాడు. అప్పటినుంచి దాదాపు రెండు వారాలకోసారి, ఆదివారం మధ్యాహ్నం. ఆట నడిపించే జీఎం ఆయనే. మాకు పనులు తెచ్చిపెట్టే ఫిక్సర్‌ని అచ్చం రొయ్యల బ్రోకర్‌లా మాట్లాడిస్తాడు: "ఏందబ్బా, అడ్వాన్సు తీసుకున్నాక ఆ నీతులేంది?"

తుపాకులు, ముఠాలు, హ్యాకింగు గురించి రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను రాస్తున్నది ఒక్క అంకె గురించి. ఎంపతీ, అంటే ఎదుటివాడి మనసు తెలుసుకునే శక్తి.

ప్రతి పాత్రకీ ఆ అంకె ఉంటుంది. దాన్ని పదితో గుణిస్తే హ్యుమానిటీ, అంటే మనిషితనం. ఒంట్లో మిషను పెట్టించుకున్నప్పుడల్లా, కన్నో చెయ్యో మెడ వెనక వైరింగో, పాచికలు వేసి అంత హ్యుమానిటీ కోస్తారు. పదుల అంకె దిగినప్పుడల్లా ఎంపతీ కూడా ఒకటి దిగుతుంది. సున్నా కిందకి పోతే మతి తప్పుతుంది, పాత్ర జీఎం చేతికి వెళ్ళిపోతుంది. మేం మొదట్లో దీన్ని జీఎస్టీలా చూశాం. కొన్న వస్తువు మీద ఎంతో కొంత కట్టాలి, కట్టేద్దాం.

నా పాత్ర మాజీ పోలీసు, ఇప్పుడు ప్రైవేటు డిటెక్టివ్. ఎంపతీ 6తో, హ్యుమానిటీ 60తో మొదలయ్యాడు. రెండేళ్ళలో రెండు కళ్ళు, ఒక చెయ్యి, న్యూరల్ లింకు. 60 కాస్తా 27 అయింది, ఎంపతీ 2. నాకేం పట్టలేదు. చీకట్లో కనిపిస్తోంది, వీధి చివర ఉన్న నంబర్ ప్లేటు కనిపిస్తోంది, ఇంకేం కావాలి?

అప్పుడొచ్చింది ఆ ముసలాయన కేసు. దొంగ మందుల వ్యాపారి. ఆయన లెక్కలు రాసే గుమాస్తా డబ్బుతో, చిట్టా పుస్తకంతో మాయమయ్యాడు. "వాణ్ణి నేనేం చెయ్యను బాబూ, పుస్తకం దొరికితే చాలు. వాడికి చిన్న పిల్ల ఉంది," అని కళ్ళు తుడుచుకున్నాడు. మూడు ఆదివారాలు వెతికాం. చివరికి గుమాస్తా ఓ కంటెయినర్ యార్డులో దాక్కున్నాడని తేలింది. అడ్రసు చెప్పేముందు ఎందుకో అనుమానం వచ్చి అడిగాను, ముసలాయన నిజమే చెబుతున్నాడా అని. బావ హ్యూమన్ పర్సెప్షన్ (ఎదుటివాణ్ణి పసిగట్టే నైపుణ్యం) వెయ్యమన్నాడు. ఎంపతీ 2, నైపుణ్యం 4, పాచిక మీద 7 పడింది. మొత్తం 13. బావ తన పాచిక అట్ట చాటున వేసుకుని, తల పైకెత్తకుండా అన్నాడు: "నీ కంటికైతే నిజాయితీపరుడే."

అడ్రసు చెప్పేశాను. తరువాతి ఆదివారం ఆట మొదలవుతూనే, కంటెయినర్ తలుపు బార్లా తీసి ఉంది. గుమ్మం దగ్గర పిల్ల చెప్పులు. లోపల ఏముందో బావ చెప్పలేదు, మేమూ అడగలేదు.

టీ తాగేటప్పుడు ఆయన కాగితం నా ముందుకు తోశాడు. ముసలాయనకి వచ్చింది 15. అది దాటితేనే అబద్ధం దొరికేది. "మొదటి రోజు నువ్వున్నట్టే ఉంటే నీకు 17 వచ్చుండేది," అన్నాడు. అదే పాచిక, అదే 7. తేడా ఎంపతీలో పోయిన ఆ నాలుగే. మిర్చి బజ్జీలు చల్లారిపోయాయి.

ఆ రాత్రి రూల్ బుక్ మళ్ళీ తిరగేశాను. అనుభవం మీద అర్థమైంది ఇది: మనిషిని బెదిరించి నిజం కక్కించే నైపుణ్యం ఎంపతీ మీద నడవదు, కూల్ అనే వేరే అంకె మీద నడుస్తుంది. మిషన్లు ఎన్ని పెట్టుకున్నా దానికి కోత లేదు. అంటే నా డిటెక్టివ్ ఎవరినైనా ఇదివరకటిలాగే వణికించగలడు. ఎదుటివాడు అబద్ధం ఆడుతున్నాడో లేదో మాత్రం పట్టుకోలేడు. ముఠా నాయకులకి కావలసిన డిటెక్టివ్ సరిగ్గా ఇలాంటివాడే కదా. ఇది వివరించడానికి పుస్తకంలో ఒక్క ఉపన్యాసం కూడా అక్కర్లేకపోయింది, రెండు కూడికలతో పని జరిగిపోయింది.

ఇంత మెచ్చుకున్నాక ఒక మాట ఒప్పుకోవాలి. మా గుంపులో విజయనగరం కుర్రాడికి మొదటినుంచీ ఇది గిట్టదు. "మా పెదనాన్నది జైపూర్ కాలు. ఆయనలో మనిషితనం ఎంత తగ్గిందంటావు?" అని ఒకసారి నిలదీశాడు. అవసరానికి పెట్టించుకున్న అవయవానికి పుస్తకం కోత వెయ్యదు, మామూలు మనిషిని మించిపోవాలని పెట్టుకుంటేనే వేస్తుంది. అది చూపించాం. వాడు ఇంకా గునుస్తూనే ఉంటాడు. నేనూ ఇప్పుడు సగం వాడి వైపే.

రూల్స్ గంటలో వచ్చేస్తాయని చాలామందికి చెప్పాను, అదీ కొంచెం వెనక్కి తీసుకోవాలి. పదిముఖాల పాచికకి రెండు అంకెలు కలపడం గంటలో వస్తుంది. కాల్పులు మొదలైతే వేరే లోకం. గుండు దిగినప్పుడల్లా కవచం బలం ఒకటి చెరిపి రాయాలి. ఒకసారి మెట్ల మీద కాల్పులు సాయంత్రం 4కి మొదలై 8:30కి ముగిశాయి, నా పేపరుకి చిల్లు పడింది. నెట్‌రన్నర్ (హ్యాకర్ పాత్ర) బిల్డింగ్ నెట్‌వర్క్‌లోకి దూరితే మిగతావాళ్ళం గిన్నెలు కడుక్కోవచ్చు. ఆధారాలు ఎలా అల్లాలో పుస్తకం పెద్దగా నేర్పదు. బావకి అపరాధ పరిశోధన నవలల పిచ్చి ఉంది కాబట్టి మాకు గడిచింది.

కాబట్టి కొనమని గట్టిగా చెప్పలేను. మా ఐదుగురివీ నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న ఇళ్ళు. ప్రతిసారీ ట్రాఫిక్‌కి పేరుపడ్డ సిల్క్ బోర్డు జంక్షన్ దాటి రావాలంటే నేనైతే మూడోవారానికే మానేసేవాణ్ణి. మా ఆవిడకి ఆదివారం ఓపిక ఉంది, ఇప్పటివరకు. ఆ కేసు కథ ఆమెకి చెప్పడం మాత్రం పొరపాటైంది. ఏదైనా గమనించకపోతే చాలు, "రెండేగా మీకు," అంటుంది.

పాత డిటెక్టివ్‌ని రిటైర్ చేశాను. వచ్చే ఆదివారం కొత్తవాడు, పాత ఫిక్సర్ దగ్గరే. వీడికి కళ్ళజోడు పెట్టాను.