ఎదిగిన కుక్కా, కుక్కపిల్లా: దత్తతకు ఏది మేలు?

శ్రీకాకుళంలో ఒక ఇంటివారు కుక్కను పెంచుకోవాలనుకుంటే వారి ముందు సాధారణంగా మూడు దారులు ఉంటాయి. తమ వీధిలోనే ఈనిన కుక్క పిల్లల్లో ఒకదాన్ని తెచ్చుకోవడం ఒకటి. సుమారు 110 కిలోమీటర్ల దూరంలోని విశాఖపట్నం వెళ్ళి, అక్కడి జంతు సంరక్షణ కేంద్రంలో, అంటే మనం షెల్టర్ అని పిలిచే చోట, ఎదిగిన కుక్కను దత్తత తీసుకోవడం రెండవది. డబ్బు పోసి జాతి కుక్కను కొనుక్కోవడం మూడవది.

మూడవ దారి గురించి ఎక్కువ చెప్పదలచుకోలేదు. హస్కీ, సెయింట్ బెర్నార్డ్ వంటి చలిదేశపు కుక్కలను మన మే నెల ఉక్కపోతలోకి తెచ్చి, వాటికోసం పగలంతా ఏసీ నడపడం ముద్దు కాదు, శిక్ష. చప్పిడి ముక్కు పగ్‌కు కూడా ఎండలో ఊపిరి తీసుకోవడం కష్టమే. కొనాలనే పట్టుదల ఉన్నవారు 2017 నాటి కుక్కల పెంపకం, విక్రయాల నియమాలను గుర్తుంచుకుంటే చాలు: పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదై ఉండాలి, రెండు నెలలు నిండని పిల్లను అమ్మకూడదు. నమోదు పత్రం అడిగితే మాట దాటవేసేవాడి దగ్గర బేరం అక్కడితో ఆపడం మంచిది. అసలు తూకం మొదటి రెండింటి మధ్యనే ఉంది.

వీధి కుక్కపిల్ల విషయంలో మనవాళ్ళు చేసే మొదటి పొరపాటు కాలానికి సంబంధించినది. చిత్తకార్తె, అంటే అక్టోబరు రెండవ, మూడవ వారాలు, కుక్కలు జతకట్టే కాలమని పల్లెల్లో అందరికీ తెలుసు. కుక్క చూలు మోసేది సుమారు 63 రోజులు. ఆ లెక్కన డిసెంబరు రెండవ సగంలో పిల్లలు పుడతాయి, సంక్రాంతి నాటికి వాటి వయసు మూడు నుంచి అయిదు వారాలు. సరిగ్గా అప్పుడే సెలవులకు వచ్చిన పిల్లలు గడ్డివాము కింద బొద్దుగా కనబడిన కూనను చంకన పెట్టుకుని ఇంటికి తెస్తారు. అది తల్లిపాలు మానడానికి, తోబుట్టువులతో ఆడుతూ ఎంత గట్టిగా కొరకవచ్చో నేర్చుకోవడానికి ఎనిమిది వారాలు పడుతుంది. ముందే విడదీసిన పిల్లకు ఆ పాఠం అందదు, తర్వాత మన చేతులే ఆ పాఠశాల అవుతాయి. సంక్రాంతికి నచ్చిన పిల్లను అక్కడే ఉంచి, తల్లికి కాస్త తిండి పెడుతూ, ఫిబ్రవరి రెండవ సగంలో తెచ్చుకోవడం సరైన పద్ధతి.

శ్రీకాకుళం బలగ ప్రాంతంలోని మా ఇంట్లో మేము ఆ ఓపిక పట్టలేదు. పండగ మర్నాడు తెచ్చిన పిల్ల పదో రోజున అన్నం ముట్టలేదు, ఆ రాత్రి వాంతులు, తెల్లవారేసరికి నెత్తుటి విరేచనాలు మొదలయ్యాయి, మూడవ రోజు చనిపోయింది. అది పార్వో వైరస్. టీకా పడని కూనల్లో అది ఎంత తొందరగా ప్రాణం తీస్తుందో అప్పుడే తెలిసింది. అంతకంటె ముఖ్యమైన మాట వైద్యుడు తర్వాత చెప్పారు: ఆ వైరస్ నేలలో నెలల తరబడి, కొన్నిచోట్ల ఏడాది దాకా బతికి ఉంటుంది. సిమెంటు గచ్చును బ్లీచింగ్ ద్రావణంతో కడగవచ్చు గాని పెరటి మట్టిని కడగలేము. కనుక ఆ ఇంట్లోకి మళ్ళీ కుక్క రావాలంటే టీకాలన్నీ పూర్తయిన ఎదిగిన కుక్క రావడమే క్షేమం. మేము షెల్టర్ వైపు చూసింది దయతో కాదు, ఈ లెక్కతో.

కుక్కపిల్లను పెంచడంలో వైద్యపరమైన పని ఎంత ఉంటుందో ముందే తెలుసుకోవాలి. పార్వోకు, డిస్టెంపర్ అనే మరో వైరస్ జబ్బుకు టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకు ఒకటి చొప్పున, నాలుగు నెలలు నిండేదాకా వేయించాలి. మొదట్లో పదిహేను రోజులకు ఒకసారి నులిపురుగుల మందు పట్టాలి. రేబిస్ టీకా మూడు నెలలు నిండాకగాని వేయరు. ఈ చివరి సంగతి చిన్నపిల్లలున్న ఇంటికి చాలా ముఖ్యం. పళ్ళు వచ్చే వయసులో కూన అందరినీ గీరుతుంది, కొరుకుతుంది. అది పుట్టిన చోట దాన్ని ఏ కుక్క కరిచిందో మనకు తెలియదు కనుక, చర్మం చిట్లిన ప్రతిసారీ గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, ఆసుపత్రికి వెళ్ళవలసిందే. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో మనకు రేబిస్ టీకా మొదటి రోజు వేస్తే, ఆనాటినుంచి 3, 7, 28వ రోజుల్లో మళ్ళీ వేస్తారు. టీకాల చీటీతో వచ్చే మూడేళ్ళ కుక్కతో ఈ ఆదుర్దా చాలావరకు తగ్గుతుంది, ఏటా టీకా మాత్రం మరవకూడదు.

మా పెద్దమ్మకు ఈ వాదన నచ్చలేదు. "పిల్లయితే మన మాట ఇంటాది గాని, పెద్ద కుక్క ఇంటాదేటి?" అన్నది ఆమె అభ్యంతరం. ఊళ్ళో చాలామంది అభిప్రాయం అదే. నా అనుభవంలో మాత్రం అది తలకిందులుగా ఉంది. కూన పెరిగి ఎలా తయారవుతుందో ఎవరూ చెప్పలేరు. ఎంత ఎత్తవుతుందో, కోళ్ళను వేటాడుతుందో, ఒంటరిగా వదిలితే ఊరంతా వినబడేలా ఏడుస్తుందో ఏడాది గడిస్తేగాని తేలదు. ఎదిగిన కుక్క స్వభావం అప్పటికే కుదురుకుని ఉంటుంది కనుక దాన్ని తెచ్చుకోక ముందే చూసుకోవచ్చు. పేరు పెట్టి పిలిస్తే రావడం, బయటకు వెళ్ళి మలమూత్రాలు విడవడం వంటివి పెద్ద కుక్కలు కూడా కొన్ని వారాల్లో నేర్చుకుంటాయి.

అయితే ఆ చూసుకోవడం సరిగా చేయాలి. షెల్టర్‌కు ఒక్కసారి వెళ్ళి, గేటు దగ్గర తోక ఊపిన మొదటి కుక్కను బండి ఎక్కించుకుని రాకూడదు. వంద గొంతుల మొరుగుడు మధ్య ఏ కుక్కా తన అసలు రూపంలో ఉండదు. అక్కడ ఇనుప చువ్వల మీద పడి మొరిగేది ఇంట్లో నిశ్శబ్దంగా పడుకోవచ్చు, మూలన ముడుచుకుని నెమ్మదిగా కనబడేది నిజానికి బిగుసుకుపోయినంత భయంలో ఉండవచ్చు. కనీసం రెండుసార్లు, వేర్వేరు వేళల్లో వెళ్ళి, ఒకసారైనా దాన్ని గదిలోంచి బయటకు తీయించి, లీష్‌తో, అంటే పట్టుకునే తాడుతో, పావుగంట నడిపించాలి. తింటున్నప్పుడు మనిషి దగ్గరికి వస్తే గుర్రుమంటుందా, చెవులు, పాదాలు తాకనిస్తుందా, ఇంకో కుక్క ఎదురైతే దారి తప్పుకుంటుందా, మీదికి దూకుతుందా అన్నవి గమనించాలి. ఇంట్లో ఎవరెవరు ఉంటారో వారందరూ, ముఖ్యంగా చేతికర్రతో నడిచే పెద్దవారు, ఒకసారి దాని ఎదురుగా నిలబడాలి. ఈ చివరి జాగ్రత్త మేము తీసుకోలేదు. చాలా సాధువని చెప్పి ఇచ్చిన మా కుక్క, పెద్దమ్మ చేతికర్ర కనబడగానే మంచం కిందికి దూరి రెండు రోజులు బయటికి రాలేదు. దాని గతంలో కర్ర దెబ్బలున్నాయని మనకు ఎవరు చెబుతారు?

షెల్టర్ కుక్కలో ఉన్న లోటు అదే: గతం తెలియకపోవడం. దానికి మందు రక్తపరీక్ష, ఓపిక. మన కోస్తా తేమలో పిడుదులు ఏడాది పొడవునా ఉంటాయి, వాటివల్ల వచ్చే ఎర్లీకియా జ్వరం బయటికి లక్షణాలు లేకుండా నెలల తరబడి ఒంట్లో దాగి ఉండవచ్చు. వీధిలో పెరిగిన పెద్ద కుక్కల్లో జననాంగాల దగ్గర అంటుకణితి కూడా తరచు కనబడుతుంది, అయితే అది మందు ఇంజక్షన్లకు చాలావరకు లొంగుతుంది. వీటిని చూసి వెనుకాడనవసరం లేదు గాని, దత్తత పత్రం మీద సంతకం చేసే ముందే రక్తపరీక్ష, టీకాల చీటీ, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ వివరాలు అడగాలి. ఆపరేషన్ అయిన వీధి కుక్కకు గుర్తుగా చెవి కొసను కొద్దిగా కత్తిరిస్తారు, కనుక చీటీ లేకపోయినా చెవి కొంత చెబుతుంది. ఇలాంటివి చూపించుకోవడానికి విజయనగరం జిల్లావారికి గరివిడిలో పశువైద్య కళాశాల ఉండడం ఒక వెసులుబాటు.

ఆపరేషన్ ప్రస్తావన వచ్చింది కనుక ఆడ, మగ సంగతి కూడా చెప్పాలి. ఆడకుక్క సుమారు ఆరు నెలలకొకసారి ఎదకు వస్తుందన్న భయంతో మనవాళ్ళు మగ కూననే ఏరుకుంటారు, ఆడవి వీధిలో మిగులుతాయి. షెల్టర్‌లో ఆపరేషన్ అయిన ఆడకుక్క దొరికితే ఆ భయానికి కారణమే ఉండదు.

ఇంటికి తెచ్చే రోజు, ఆ తర్వాతి మొదటి వారం రెండింటి మధ్య తేడా బాగా తెలుస్తుంది. కూన రెండు రాత్రులు ఏడ్చి మూడవ రాత్రి నిద్రపోతుంది. ఎదిగిన కుక్క ఏడవదు, పారిపోవాలని చూస్తుంది. విశాఖ నుంచి రెండున్నర గంటల ప్రయాణానికి ముందు దానికి మూడు నాలుగు గంటలపాటు తిండి పెట్టకూడదు, కారు తలుపు తీసే ముందే లీష్ చేతికి చుట్టుకోవాలి. ప్రహరీ గోడ ఎత్తు, గేటు కింది సందు ముందే చూసుకోవాలి. ఊరు కొత్త కనుక తప్పిపోతే దానికి తిరిగివచ్చే దారి తెలియదు. బెదురు తగ్గడానికి మూడు రోజులు, ఇంటి అలవాట్లు పట్టుబడడానికి మూడు వారాలు, ఇది నా ఇల్లు అనుకోవడానికి మూడు నెలలు అని కుక్కల్ని సాకేవారు చెప్పే లెక్క మా ఇంట్లో దాదాపుగా నిజమైంది. దీపావళికి పది రోజుల ముందు మాత్రం ఏ కుక్కనూ కొత్తగా తేవద్దు.

తిండి విషయంలో రెండూ ఒకటే. పెరుగన్నం, చోడి అంబలి మాత్రమే పోస్తే చాలదు, గుడ్డో, ఎముక తీసిన కోడిమాంసమో తోడవ్వాలి. ఉల్లిపాయ పడిన కూర, చాక్లెట్, ద్రాక్ష, ఉడికించిన కోడి ఎముకలు పెట్టకూడదు.

వీధి కూనకు అనుకూలంగా ఒక బలమైన మాట ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. మన వీధి కుక్క అయితే దాని తల్లిని మనం ఏళ్ళుగా చూసి ఉంటాం. తల్లి నెమ్మదైనదై, పిల్లలను మనుషుల మధ్య పెంచినదైతే, ఏ షెల్టర్ ఇవ్వలేని సమాచారం మన చేతిలో ఉన్నట్టే. పగలంతా ఎవరో ఒకరు ఉండే ఇల్లు, చుట్టూ కాస్త ఖాళీ జాగా, పార్వో తగలని పెరడు ఉన్నవారికి అలాంటి పిల్ల చక్కగా సరిపోతుంది. అరసవల్లిలోని మా బంధువులు అలాగే తెచ్చుకున్నారు, ఇప్పటికి నాలుగేళ్ళు, ఏ ఇబ్బందీ లేదు. వీధిలోని ఎదిగిన కుక్కనే ఇంటికి తెచ్చుకోవాలనుకునేవారికి కూడా దారి ఉంది: 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం మునిసిపాలిటీకి దరఖాస్తు పెట్టి దత్తత తీసుకోవచ్చు, కాని ఆ కుక్క మళ్ళీ వీధిలో పడకుండా చూసే బాధ్యత తీసుకున్నవారిదే.

భార్యాభర్తలిద్దరూ ఉద్యోగానికి వెళ్ళే ఇంట్లో మాత్రం కూనను తేవడం పొరపాటని నా నిశ్చితాభిప్రాయం. మూడు నెలల పిల్ల మూడు నాలుగు గంటలకు మించి మూత్రం ఆపుకోలేదు, రోజుకు మూడు నాలుగుసార్లు తినాలి. అలాంటి ఇంటికి రెండు నుంచి అయిదేళ్ళ మధ్య వయసు కుక్క తగినది. దాని ఆయుష్షులో మంచి భాగం ఇంకా ముందే ఉంటుంది. అద్దె ఇంట్లో ఉన్నవారు ఏ కుక్కనైనా తెచ్చే ముందు ఇంటి యజమాని అనుమతి కాగితం మీద తీసుకోవాలి.

ఇంకొక తేడా ఉంది. కుదరకపోతే ఏం చేస్తారని షెల్టర్ వారిని మొదటిరోజే అడగండి. తిరిగి తీసుకుంటామని రాసి ఇచ్చే చోటికే వెళ్ళండి. వీధి కూనకు ఆ వెసులుబాటు లేదు, పెంచలేమని ఏడాది తర్వాత వదిలేస్తే దానికి వీధిలో బతకడం కూడా చేతకాదు. మా కుక్కను ఆ మొదటి రెండు రోజుల్లో తిరిగి పంపేద్దామని మేము గట్టిగానే అనుకున్నాం. పెద్దమ్మే వద్దని, కర్రను తలుపు బయట ఆనించి, గోడ పట్టుకుని నడవడం మొదలుపెట్టింది.