తక్కువ ధర మడత చాకు: సర్దుకోగల లోపం ఏది, వెనక్కి పంపాల్సింది ఏది

మూడు వేల రూపాయల లోపు దొరికే లైనర్ లాక్ (పిడి లోపలి లోహపు రేకు ఒకటి పక్కకు వంగి, తెరిచిన బ్లేడు మూసుకోకుండా ఆపే లాకు) మడత చాకులను చాలాకాలంగా వాడుతున్నాను. ఈ ధరలో ఏ లోపమూ లేని చాకు కోసం వెతకడం దండగ. ఆ లోపం ఇంట్లో సరిచేసుకోగలిగేదా, కాదా అన్నదే చూడాలి.

ముందు లాకు చూడండి. చాకు పూర్తిగా తెరిచినప్పుడు లైనర్ రేకు బ్లేడు మడమ (పిడిలో ఉండే బ్లేడు వెనక కొస) మీద మూడో వంతు నుంచి సగం దాకా ఆనాలి. అంచున మాత్రమే తగులుతుంటే, గట్టిగా నొక్కినప్పుడు జారి చాకు వేళ్ల మీద మూసుకోవచ్చు. కొత్తలోనే అవతలి రేకు దాకా వెళ్లిపోయిందంటే ఇక అరగడానికి చోటు లేదు. తర్వాత వేళ్లను బ్లేడు దారిలోంచి తప్పించి, బ్లేడు వీపును (పదును లేని వైపును) బల్లకు ఆనించి మెల్లగా నొక్కండి. బ్లేడు పైకీ కిందికీ కదిలిందా, లాకు తగిలే ముఖాన్ని సరైన కోణంలో అరగదీయలేదన్నమాట. ఏ స్క్రూ బిగించినా అది పోదు. బేరం ఎంత బాగున్నా వెనక్కి పంపేయండి.

పక్కలకు ఊగితే మాత్రం కంగారు అక్కర్లేదు. చాలావరకు పివట్ స్క్రూ (బ్లేడు తిరిగే ఇరుసు స్క్రూ) వదులై ఉంటుంది. సరిగ్గా కూర్చునే టార్క్స్ (ఆరు కోణాల నక్షత్రం ఆకారపు) బిట్టుతో, ఒక్కోసారి చుట్టులో ఎనిమిదో వంతుకు మించకుండా బిగిస్తూ, తెరిచి మూసి చూసుకోండి. చవక చాకుల స్క్రూ తలలు మెత్తన, కొలత తప్పిన బిట్టు పెడితే అరిగిపోతాయి. కుదిరాక నీలం థ్రెడ్‌లాకర్ (స్క్రూ వదులు కాకుండా పట్టి ఉంచే జిగురు) ఒక చిన్న చుక్క చాలు. ఎర్రది వద్దు, వేడి చేస్తే గానీ ఊడదు. మూసినప్పుడు బ్లేడు కాస్త ఓ పక్కకు ఒరిగినా రేకును రాసుకోనంత వరకు పట్టించుకోనక్కర్లేదు.

ఉక్కు పేరు చూసి ఎక్కువ డబ్బు పెట్టకండి. డీ2 అనే ఉక్కులో క్రోమియం 12 శాతం దాకా ఉన్నా చాలా భాగం కార్బైడ్లలోకి (కార్బన్‌తో కలిసి ఏర్పడే గట్టి రేణువుల్లోకి) పోతుంది, అందుకే అది పూర్తి స్టెయిన్‌లెస్ కాదు. కోస్తా తేమకీ, పచ్చిమామిడి పులుపుకీ మచ్చలు పడుతుంది. కోసిన వెంటనే తుడిచి, కుట్టుమిషను నూనె పల్చగా రాయాలి. కొబ్బరినూనె చలికి పివట్‌లో గడ్డకడుతుంది. డీ2 పదును ఎక్కువ కాలం నిలుస్తుంది గానీ మామూలు సానరాయికి ఓ పట్టాన లొంగదు, డైమండ్ ప్లేటు కావాలి. 8సీఆర్13ఎంఓవీ అనే చవక స్టెయిన్‌లెస్ ఉక్కు త్వరగా మొద్దుబారినా సానరాయి మీద కొద్ది నిమిషాల్లోనే తేరుకుంటుంది. ఇంటి వాడకానికి నా ఓటు దానికే.

ఫ్యాక్టరీ పదునును బట్టి ఉక్కును తేల్చేయకండి. సానపట్టే యంత్రపు బెల్టు మీద రుద్దేటప్పుడు వేడెక్కి అంచు మెత్తబడి ఉండొచ్చు. రెండు మూడు సార్లు సానపడితే అడుగునున్న మంచి ఉక్కు బయటపడుతుంది. అప్పటికీ అట్టపెట్టె కోస్తేనే అంచు మడతపడుతుంటే హీట్ ట్రీట్‌మెంట్ (ఉక్కును వేడిచేసి చల్లార్చి గట్టిపరచడం) సరిగ్గా జరగలేదని అర్థం, దానికి ఇంట్లో వైద్యం లేదు.

లాకు పరీక్ష పెట్టె తెరిచిన రోజే, స్క్రూ విప్పకముందే, సానపట్టకముందే చేయండి. గీత పడిన చాకును చాలామంది అమ్మకందారులు తిరిగి తీసుకోరు.