ఫ్లైట్ డిస్టెన్స్ యాప్: కిలోమీటర్లు నమ్మొచ్చు, గంటలు మాత్రం కాదు

రెండు సిటీల పేర్లు కొడితే మధ్యలో దూరం ఎంత, ఫ్లైట్‌లో ఎంతసేపు పడుతుంది అని చెప్పే యాప్ ఒకటి ఆరు నెలల్నుంచి వాడుతున్నా. దూరం విషయంలో వంక పెట్టడానికి లేదు, చిక్కంతా టైమ్ దగ్గరే.

జనవరిలో మా అన్నయ్య న్యూయార్క్ నుంచి లండన్ వెళ్తున్నాడని చూస్తే 5,570 కిలోమీటర్లు, ఏడున్నర గంటలు అని వచ్చింది, సరే ఆ టైమ్‌కి ఫోన్ చేద్దాంలే అనుకున్నా. నా లెక్కన ఇంకో ముప్పావు గంట గాల్లో ఉండాల్సిన మనిషి తనే ఫోన్ చేసి "దిగిపోయాన్రా, లగేజీ కోసం నిలబడ్డా" అన్నాడు. వెంటనే యాప్ తెరిచి ఊళ్లు అటూ ఇటూ మార్చి కొట్టా. లండన్ నుంచి న్యూయార్క్‌కి కూడా అదే ఏడున్నర, ఒక్క నిమిషం తేడా లేదు! అంటే దూరాన్ని గంటకి 800 కిలోమీటర్ల చొప్పున భాగించి, టేకాఫ్ ల్యాండింగ్‌లకి ఓ అరగంట కలిపి ఇచ్చేస్తోంది, అంతే.

కానీ పైన గాలి ఉంటుంది కదండీ. విమానాలు తిరిగే ఎత్తులో జెట్ స్ట్రీమ్ అని పడమర నుంచి తూర్పుకి జోరుగా వీస్తుంది, చలికాలంలో ఇంకా ఎక్కువ, అందుకే అదే రూట్‌లో లండన్ వైపు దాదాపు 7 గంటలు పడితే న్యూయార్క్ వైపు దాదాపు 8 పడుతుంది. 2020 ఫిబ్రవరిలో తుఫాను గాలి తోడై ఒక ప్యాసింజర్ విమానం న్యూయార్క్ నుంచి లండన్‌కి 4 గంటల 56 నిమిషాల్లో వచ్చేసింది. ఇలాంటి రూట్‌కి రెండు వైపులా ఒకే నంబర్ చూపిస్తే ఎలా?

ఇంకోటి, విమానం ఎప్పుడూ దగ్గరి దారిలోనే పోదు. 2022 నుంచి చాలా యూరప్ ఎయిర్‌లైన్స్‌కి రష్యా మీదుగా ఎగిరే వీల్లేదు, ఫిన్లాండ్ రాజధాని హెల్సింకి నుంచి టోక్యోకి తొమ్మిదిన్నర గంటల్లో అయ్యే ప్రయాణం ఇప్పుడు 13 దాకా పోతోంది. యాప్ మాత్రం ఇంకా రష్యాలోని సైబీరియా మీదుగానే గీత గీస్తోంది.

ఆ గీత మాత్రం నాకు భలే నచ్చింది, అది చెప్పకపోతే అన్యాయం. లండన్ నుంచి టోక్యోకి కొడితే మ్యాప్‌లో ఉత్తరానికి విల్లులా వంగి కనిపిస్తే తప్పేమో అనుకున్నా, పిల్లల గ్లోబు తీసి లండన్ మీద దారం కొస వేలితో నొక్కిపెట్టి టోక్యో దాకా బిగించి లాగా. దారం తనంతట తానే పైకి జరిగి స్కాండినేవియా, సైబీరియాల మీదుగా కూర్చుంది, అచ్చం యాప్ గీతే! గుండ్రటి భూమ్మీద దగ్గరి దారి అదే మరి.

దూరానికి నిశ్చింతగా వాడుకోండి. కనెక్టింగ్ ఫ్లైట్ ప్లాన్ చేసుకోవాలన్నా, ఎవర్నైనా రిసీవ్ చేసుకోవాలన్నా ఎయిర్‌లైన్ షెడ్యూల్ చూడండి, ట్యాక్సీయింగ్‌తో (గేటుకీ రన్‌వేకీ మధ్య విమానం నేల మీద నడిచే టైమ్) సహా గేటు నుంచి గేటుకి అయ్యే టైమ్ అందులో ఉంటుంది. కాకపోతే బయల్దేరే టైమ్ ఆ ఊరిది, దిగే టైమ్ ఈ ఊరిది, టైమ్ జోన్ తేడా చూసుకోకుండా తీసివేత చేసేయకండి. యాప్ వాళ్లు వెళ్లే టైమ్, వచ్చే టైమ్ విడివిడిగా చూపిస్తే 5 స్టార్లూ ఇస్తా, ప్రస్తుతానికి 3.