ఆఫర్ వద్దని చెప్పాలంటే: ఫోన్ చేయాలా, మెయిల్ పెట్టాలా?

హైదరాబాద్ ఐటీలో కొత్త ఉద్యోగం ఆఫర్ వచ్చి రాజీనామా చేశాక, పాత కంపెనీలో 90 రోజుల నోటీసు పీరియడ్ మామూలే. ఆ మూడు నెలల్లో ఇంకో ఆఫర్ రావడమూ మామూలే. మొదట ఆఫర్ ఇచ్చినవాళ్లకు వద్దని ఎలా చెప్పాలన్న దగ్గరే టెన్షన్.

మెయిల్ తేలిక. మాట తడబడదు, తేదీతో సహా రికార్డు ఉంటుంది. హెచ్‌ఆర్ వాళ్లకూ రాతపూర్వకంగా ఉంటేనే సులువు. కానీ మూడు రౌండ్లు కూర్చోబెట్టి మాట్లాడి, మన జీతం కోసం పైవాళ్లను ఒప్పించిన మేనేజర్‌కు రెండు లైన్ల మెయిల్ వస్తే మనసు చివుక్కుమంటుంది.

ఫోన్ కష్టం. మొదటిసారి చేసినప్పుడు రింగ్ అవుతుండగానే నా అరచేతులకు చెమట పట్టింది. “సార్, మీరు నాకోసం చాలా టైమ్ ఇచ్చారు. బాగా ఆలోచించాను, ఈసారి రాలేకపోతున్నాను. మెయిల్ చూసి తెలుసుకోవడం కంటే నేనే చెబుదామని చేశాను” అన్నాను. అవతల కాసేపు మౌనం. తర్వాత, “ముందే చెప్పావు, మంచి పని చేశావు” అన్నారు. ఆ మాట ఏ మెయిల్‌కూ జవాబుగా రాదు.

ఫోన్‌లో ఒక చిక్కుంది. “వాళ్లెంత ఇస్తున్నారు? మేమూ పెంచుతాం” అంటారు. నిర్ణయం అయిపోయాక మొహమాటపడి “చూస్తాను సార్” అన్నామా, వాళ్లు ఇంకో వారం ఆశతో ఎదురుచూస్తారు. “డబ్బు గురించి కాదు సార్” అన్న మాట నిజమైతేనే అనాలి.

మేనేజర్‌తో నేరుగా మాట్లాడి ఉంటే ముందు ఫోన్, అదే రోజు మెయిల్. రిక్రూటర్‌తో తప్ప పరిచయం లేకపోతే మెయిల్ చాలు. జాయినింగ్ రోజు పొద్దున ఫోన్ స్విచాఫ్ చేయడం మాత్రం దయచేసి వద్దు. మన కోసం ఆ సీటు ఉంచి, ఇంకెవరికో లేదని చెప్పి ఉంటారు.