వేరేవాళ్ళ పొలంలో మన సైకిల్: కింగ్‌డమ్ ట్రయిల్స్ పాస్ కొనొచ్చా?

అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రం ఈశాన్య మూలన ఈస్ట్ బర్క్ అని ఒక చిన్న ఊరుంది. కింగ్‌డమ్ ట్రయిల్స్ అనే లాభాపేక్ష లేని సంస్థ 1994 నుంచి అక్కడ మౌంటెన్ బైక్ దారులు చూసుకుంటోంది. ఆ మూలనున్న మూడు కౌంటీలను (మన జిల్లాల్లాంటివి) కలిపి నార్త్‌ఈస్ట్ కింగ్‌డమ్ అంటారు. సంస్థ పేరులో కింగ్‌డమ్ అక్కడిదే, రాజులూ లేరు, కోటలూ లేవు. దారుల మొత్తం పొడవు 100 మైళ్ళ పైమాటే. విశేషమేమిటంటే ఇందులో చాలా భాగం సంస్థ సొంత భూమీ కాదు, సర్కారు అడవీ కాదు. దాదాపు 100 మంది రైతులు, భూయజమానులు "సరే, పోనివ్వండి" అన్న పొలాలు, మేపు బీళ్ళు, తీపి సిరప్ తీసే మేపుల్ చెట్ల తోటలు.

బోస్టన్ వైపు ఉండే మనవాళ్ళకి కారులో మూడు గంటల లోపు ప్రయాణం. ఐ-93 హైవే మీద ఉత్తరానికి పోయి, సెయింట్ జాన్స్‌బరీ దగ్గర ఐ-91 ఎక్కి, 23వ ఎగ్జిట్‌లో దిగి, లిండన్‌విల్ దాటాక 114వ నంబరు రోడ్డు పట్టుకోవాలి. ఈ దారుల్లో తొక్కడానికి కావాల్సిన పాస్ ఆన్‌లైన్లో కొనొచ్చు, ఊళ్ళో అదే రోడ్డు మీదున్న వెల్‌కమ్ సెంటర్లో కూడా దొరుకుతుంది. ఒక్కరోజు పాస్, సీజన్ మొత్తానికి పాస్ వేరువేరుగా ఉంటాయి. ధర ఏటా మారుతుంది కాబట్టి బయల్దేరే ముందు వాళ్ళ సైట్లో చూసుకోండి. వానొస్తే డబ్బు వెనక్కొస్తుందన్న లెక్కతో వారం ముందే కొనకండి. ముందురోజు రాత్రి వాతావరణం, ఏ దారులు తెరిచారన్నదీ చూసుకుని పొద్దున కొంటే చాలు.

ఇంతకీ ఈ పాస్‌తో మనకు దక్కేదేమిటి? చాలామంది దీన్ని పార్కు టికెట్ అనుకుంటారు, గొడవలన్నీ అక్కడే మొదలవుతాయి. పాస్ డబ్బులో రైతుకి పైసా పోదు. దారి బాగుచెయ్యడం, చెక్క వంతెనలు, బోర్డులు, దారి మీద తిరిగే సిబ్బంది, వీటికి పోతుంది. రైతు ఉచితంగానే ఇస్తాడు. అందుకు చట్టంలో ఒక కారణముంది. వెర్మాంట్‌లో డబ్బు తీసుకోకుండా తన భూమిని ఆటకో షికారుకో వదిలిన యజమాని మీద, ఎవరైనా పడి కాలు విరగ్గొట్టుకున్నా కేసు దాదాపు నిలవదు. కావాలని, తెలిసి తెలిసి హాని చేస్తే తప్ప బాధ్యత లేదు. రైతే గేటు దగ్గర కూర్చుని తలకింత వసూలు చేస్తే ఆ రక్షణ ఉండదు. అందుకే డబ్బు సంస్థకి, అనుమతి మాత్రం రైతుది. ఈ అమరిక మొత్తం దీని మీదే నిలబడింది.

పొలం గట్ల తగాదాలు తెలిసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. మన 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం ప్రకారం 20 ఏళ్ళు అడ్డూ ఆపూ లేకుండా, హక్కుగా, అందరూ చూస్తుండగా నడిస్తే ఆ డొంక మీద దారి హక్కు పుడుతుంది. కానీ "మీ గట్టు మీదుగా పోతాం బాబాయ్" అని అడిగి నడిస్తే ఎన్నేళ్ళు గడిచినా అది లైసెన్సే. ఇచ్చినవాడు మామూలుగా ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. వెర్మాంట్‌లో ఆ గడువు 15 ఏళ్ళు. అక్కడా అడిగి నడిచినవాడికి హక్కు పుట్టదు. అంటే ఈ 100 మైళ్ళలో చాలా భాగం రైతు మనసు మారేదాకానే.

అది ఉత్తి మాట కాదని 2019 డిసెంబరులో తేలింది. ఈస్ట్ బర్క్ పక్కనున్న డార్లింగ్ హిల్ అనే కొండ మీద ముగ్గురు యజమానులు తమ భూమిలో సైకిళ్ళు ఇక వద్దన్నారు. సైకిళ్ళ వాళ్ళు గుంపులుగా రావడం, రోడ్డుకి అడ్డంగా వరసకట్టి తొక్కడం, గుర్రాల మీద వచ్చేవాళ్ళతో దురుసుగా మాట్లాడడం, ఇవన్నీ ఆనాటి వార్తల్లోకి వచ్చాయి. జనం ఏళ్ళ తరబడి ఇష్టంగా తొక్కిన దారులు కొన్ని ఆ దెబ్బకి మ్యాప్‌లోంచి పోయాయి. స్నేహితుడి ఫోన్లో ఉన్న పాత జీపీఎస్ ట్రాక్ నమ్ముకుని ఎవరి దొడ్లోకో దూరిపోవడం ఇప్పటికీ జరుగుతుంది. ఈ సీజన్ మ్యాప్ మాత్రమే వాడండి. కొండల మధ్య ఫోన్ సిగ్నల్ తరచూ పోతుంది, కాబట్టి ఊళ్ళో ఉండగానే ఆఫ్‌లైన్‌గా దించుకోవాలి.

ఇక దారుల సంగతి. ఆకుపచ్చ వృత్తం తేలిక, నీలం చతురస్రం మధ్యరకం, నల్ల వజ్రం కష్టం అని గుర్తులుంటాయి. అందరూ చెప్పే పేరు కిచెల్. ఎక్కువ భాగం యంత్రంతో చెక్కిన దారి, మలుపుకో ఏటవాలు మట్టి గోడ, బల్లపరుపు గుట్టలు వరసగా. గుట్ట మీద గాల్లోకి లేవడం రాకపోయినా నేల వదలకుండా దొర్లించి పోవచ్చు, అదే దాని గొప్ప. సైడ్‌వైండర్ తీరు వేరు. వాగు కోసిన గాడిలోకి దిగి, అటు గట్టెక్కి ఇటు జారి మళ్ళీ అటు ఎక్కడమే. అక్కడ తప్పంతా బ్రేకు దగ్గర జరుగుతుంది. గాడి అడుగున బ్రేకు పడితే ఎదుటి గట్టెక్కే ఊపు చచ్చిపోతుంది, సగంలో ఆగి పక్కకి ఒరిగిపోతాం. వేగం తగ్గించాల్సింది గట్టు మీద, దిగబోయే ముందు.

కేబుల్ కుర్చీలో పైకెక్కి కిందికి దూసుకురావడమే కావాలంటే ఈ పాస్ పనికిరాదు. పక్కనున్న బర్క్ మౌంటెన్ బైక్ పార్కుకి టికెట్ విడిగా ఉంది. రెండూ ఒకటే అనుకుని వచ్చి కౌంటర్ దగ్గర తెల్లమొహం వెయ్యకండి.

బండి విషయం. ముందు షాక్ ఒక్కటే ఉన్న హార్డ్‌టెయిల్‌తో ఆకుపచ్చ, నీలం దారులు హాయిగా తిరగొచ్చు. అద్దెకి తీసుకుంటే షాక్‌లో గాలి మీ బరువుకి సరిచేయించుకోండి. మీరు బండి ఎక్కినప్పుడు ముందు షాక్ తన ప్రయాణంలో 15 నుంచి 20 శాతం, వెనక షాక్ కూడా ఉంటే అది 25 నుంచి 30 శాతం కుంగాలి. అద్దె బళ్ళు ఎక్కువగా అంతకుముందు తొక్కినవాడి బరువుకే ఉండిపోతాయి. 2.4 అంగుళాల ట్యూబ్‌లెస్ టైరుకి, 70 నుంచి 75 కిలోల మనిషికి ముందు 22, వెనక 25 పీఎస్‌ఐ గాలి ఒత్తిడి దగ్గర మొదలుపెట్టండి. గట్టిగా ఉంటే మేలని 40 కొట్టిస్తే తడిసిన చెట్టు వేర్ల మీద టైరు సబ్బు మీద కాలేసినట్టే. టైరుని వేర్లకి ఏటవాలుగా తాకనీయకండి, లంబకోణంలో దాటండి, దాటేటప్పుడు బ్రేకు వదిలేయండి.

సంచిలో ఉండాల్సినవి: ట్యూబ్‌లెస్ ప్లగ్గులు, ఒక ట్యూబు, చిన్న పంపు, తెగిన చైన్ కలపడానికి మీ చైన్‌కి సరిపడే క్విక్ లింక్, 4, 5, 6 మిల్లీమీటర్ల అలెన్ కీలు, టీ-25 కీ. వీటన్నిటికంటే ముందు మీ ఫ్రేముకి సరిపోయే డిరైలర్ హ్యాంగర్ ఒకటి, అంటే వెనక గేరు మార్చే పరికరాన్ని ఫ్రేముకి తగిలించే చిన్న ముక్క. బండి గేరు వైపుకి పడితే ముందు వంగేది అదే, ఫ్రేము దెబ్బతినకుండా వంగడానికే దాన్ని మెత్తటి లోహంతో చేస్తారు. ఒక్కో ఫ్రేముకి ఒక్కో ఆకారం. చిన్న ఊరి షాపులో మీ మోడల్‌ది దొరక్కపోతే ఆ రోజుకి షికారు ముగిసినట్టే.

కరెంటు సాయమున్న సైకిళ్ళలో క్లాస్ 1 రకానికే అనుమతి. అంటే తొక్కితేనే మోటారు పనిచేయాలి, గంటకి 20 మైళ్ళ దగ్గర ఆగిపోవాలి, చేతి థ్రాటిల్ ఉండకూడదు.

పొలంలో మసలుకునే పద్ధతి గురించి బోర్డుల మీద రాసింది చాలదు, కారణం తెలిస్తేనే గుర్తుంటుంది. గేటు మూసి ఉంటే దాటాక మళ్ళీ మూయాలి. తెరిచి ఉంటే అలాగే వదలాలి. "పాపం మర్చిపోయినట్టున్నారు" అని మూసేస్తే అవతల బీట్లో ఉన్న ఆవులకి నీళ్ళ తొట్టి దారి మూసినట్టవుతుంది. కరెంటు కంచె సెకనుకో దెబ్బ చొప్పున కొడుతుంది. అల్యూమినియం బండిని దాని మీదుగా ఎత్తి అవతల పెట్టే సాహసం వద్దు.

గడ్డి పొలం ఖాళీ భూమిలా కనిపిస్తుంది, నిజానికి అది పంట. మొదటి కోత జూన్‌లో, రెండోది జులై చివర, ఆగస్టులో. కోతకి ముందు ఏపుగా ఉన్న గడ్డి మీద టైరు ఒక్కసారి పోతే అది నేలకి పడుకుంటుంది. పడుకున్న గడ్డి కోత యంత్రం బ్లేడుకి అందదు. పదిమంది అదే దారి తొక్కితే ఒక సాలు మొత్తం పోయినట్టు. అంతకంటే చెడ్డది మనం పారేసే ఇనుము. తెగిన ఊచ ముక్క, చైన్ పిన్ను గడ్డిలో పడితే కట్టలోకి పోతుంది. ఆవు నమలకుండా మింగుతుంది, ఆ ముక్క పొట్టలో ముందు గదిలో ఆగి, ఒక్కోసారి పొడుచుకుని గుండె దాకా పోతుంది. మన పశువుల డాక్టర్లని అడిగినా ఇలాంటి కేసులు చెబుతారు. చైన్ బాగుచేసేటప్పుడు కింద గుడ్డ పరవండి, ముక్కలన్నీ లెక్కచూసి జేబులో వేసుకోండి.

మేపుల్ తోటల్లో చెట్టు నుంచి చెట్టుకి సన్నటి ప్లాస్టిక్ గొట్టాలు నడుము ఎత్తులోనో మెడ ఎత్తులోనో లాగి ఉంటాయి. ఫిబ్రవరి చివర నుంచి ఏప్రిల్ దాకా చెట్టు నీరు వాటిలోంచే దిగుతుంది, సీజన్ అయ్యాక కూడా చాలాచోట్ల విప్పరు. దారి వదిలి చెట్ల మధ్యకి దూరితే గొట్టం మెడకి తగులుతుంది. తెగితే రైతుకి ఆ వరస అంతా సరిచేసే పని.

గుర్రం ఎదురైతే దిగి, పల్లం వైపు నిలబడి, మాట్లాడండి. హెల్మెట్, కళ్ళజోడు పెట్టుకున్న ఆకారం మనిషేనని గుర్రానికి గొంతు వింటేనే తెలుస్తుంది. రౌతు సైగ చేశాకే కదలాలి. పదిమంది కలిసి వస్తే నలుగురేసి విడిపోండి, ఆగినప్పుడు దారి మధ్యలో కాకుండా పక్కన ఆగండి. మనవాళ్ళకి ఇక్కడే కాస్త కష్టం, ఫోటో కోసం వంతెన మీదే ఆగుతాం.

సీజన్ మామూలుగా మే నుంచి అక్టోబరు చివరి దాకా, నేల ఆరినదాన్ని బట్టి. మంచు కరిగే ఏప్రిల్‌లో పైన మట్టి మెత్తబడుతుంది, కింద ఇంకా గడ్డకట్టే ఉంటుంది, నీరు ఇంకదు. అప్పుడు తొక్కితే టైరు చేసిన గాడి కాలువై వాన పడ్డప్పుడల్లా కోసుకుపోతుంది. వేసవిలో వాన పడ్డాక కూడా టైరు అంగుళం లోతు దిగుతుంటే వెనక్కి తిరగడమే. నవంబరులో జింకల వేట, దారులు సైకిళ్ళకి మూసేస్తారు. చలికాలంలో 4 అంగుళాల లావు టైర్ల బళ్ళకి మంచు దారులు కొన్ని సిద్ధం చేస్తారు, వాటికి 5 నుంచి 8 పీఎస్‌ఐ చాలు.

లోపాలు లేకపోలేదు. వేసవి శనివారాల్లో డార్లింగ్ హిల్ వైపు రద్దీ ఎక్కువ, పదిన్నర దాటితే పార్కింగ్ కష్టం. చోటు లేదని రోడ్డు పక్కన గడ్డి మీద ఆపడం మరీ తప్పు, పాలట్యాంకరు, ట్రాక్టరు తిరిగే రోడ్డది. ఇంకోటి, ఎక్కడ ఒకరి భూమి అయిపోయి ఇంకొకరిది మొదలవుతుందో తొక్కేవాడికి తెలియదు, ఒకరి షరతు ఇంకొకరి దగ్గర చెల్లకపోవచ్చు. ఇంత డబ్బు తీసుకుంటున్నప్పుడు ఆ హద్దులు మ్యాప్‌లో ఇంకా స్పష్టంగా చూపిస్తే బాగుండేది. ఇవి పక్కనపెడితే, మంగళవారమో బుధవారమో వెళ్ళగలిగినవాళ్ళకి పాస్ ధర కచ్చితంగా గిట్టుతుంది. ఏడాదిలో నాలుగైదు సార్లు పోయేవాళ్ళు సీజన్ పాస్ లెక్క వేసుకోవాలి. ఒకే ఒక్క శనివారం మధ్యాహ్నం రెండు గంటలు తొక్కి వద్దామనుకునేవాళ్ళు మాత్రం ఆగడం మేలు, ఆ రెండు గంటల్లో గంట పార్కింగ్‌కే పోతుంది.

తిరిగొచ్చాక టైర్లు, బూట్ల అడుగులు బ్రష్‌తో రుద్ది కడగండి, ఒక పొలంలో కలుపు విత్తనాలు ఇంకో పొలానికి మోసేది అవే. ఆ రాత్రే స్నానం చేసి మోకాలి వెనక, నడుం పట్టీ కింద, చెవుల వెనక పిడుదుల (టిక్, చర్మానికి పట్టుకుని రక్తం తాగే పురుగు) కోసం వెతకండి. అక్కడి జింక పిడుదు లైమ్ జబ్బు మోసుకొస్తుంది. పట్టుకుని ఉంటే సన్న ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టి, తిప్పకుండా నేరుగా పైకి లాగాలి. అగ్గిపుల్ల, కిరసనాయిలు వైద్యాలు వద్దు. తర్వాత నెల రోజుల్లో జ్వరమో, గుండ్రంగా పెరిగే ఎర్ర మచ్చో కనిపిస్తే డాక్టరుకి ఆ తేదీ చెప్పండి.